రెండో తాళంచెవి

ఎర్ర చుక్క వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. బండి మీటర్లో ఓ మూల, మిరపగింజంత చుక్క. మస్తాన్‌బీకి దాని మీద నుంచి చూపు తిప్పుకోవడం చేతకావడం లేదు. కొత్త తాళంచెవి లోపలికి దిగింది, తిరిగింది, హ్యాండిల్ లాక్ టక్కుమని విడిపోయింది, లైట్లు వెలిగాయి, హారన్ కూడా మోగింది. బండి మాత్రం పలకలేదు. రసూల్ బటన్ నొక్కితే లోపల ఏదో గిర్రున తిరిగి, మాట గొంతుకడ్డం పడ్డ మనిషిలా ఆగిపోయింది. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ అంతే. చుక్క మాత్రం కొట్టుకుంటూనే ఉంది, నువ్వెవరు, నువ్వెవరు అని అడుగుతున్నట్టు. ఇంటి ముందు నిలబడ్డ మనిషిని ముఖం గుర్తుపట్టక లోపలి నుంచి ముసలివాళ్ళు అడుగుతారే, అట్లా.

"పళ్ళు సరిపోయినాయి గదన్నా, మళ్ళీ ఏంది?" అన్నాడు రసూల్, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ.

"పళ్ళతో అయ్యే పనైతే నేనీపాటికి అన్నం తిని పొణుకోనుంటా." తాళాల కొట్టు జయపాల్ ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు. "ఇది చిప్పు బండి అబ్బయా. తాళం తలకాయలో బియ్యపు గింజంత చిప్పు ఉంటది. బండి దాన్ని పలకరిస్తది. అది సరైన జవాబు చెప్తేనే ఇంజనుకి పెట్రోలు వదుల్తది. లేదంటే నువ్వు బంగారంతో తాళం చేయించుకోనొచ్చినా కదల్దు. మీ అన్న ఏ ఊళ్ళో కొన్నాడో గానీ, ఈ చుట్టుపక్కల ఇట్టాంటిది నేను చూళ్ళా."

చెన్నైలో కొన్నాడు, ఎవరో వాడి వదిలేసిన బండి, అని మస్తాన్‌బీ మనసులోనే చెప్పింది. ఆత్మకూరు బస్టాండు వీధిలో మధ్యాహ్నపు ఎండ రేకుల మీద పడి కిందికి కాగుతోంది. ఆమె కూర్చున్న ప్లాస్టిక్ స్టూలుకు ఒక కాలు పొట్టి. కదిలినప్పుడల్లా ఒరుగుతుంది. కొంగు చివర ముడి వేసుకున్న రొట్టె ముక్కను చేత్తో తడిమి చూసుకుంది. ఉంది. పొద్దున్నించి ఎన్నిసార్లు తడిమిందో. నెల్లూరు నుంచి ట్రాలీ ఆటోలో బండిని పడుకోబెట్టి తాళ్ళతో కట్టి తెచ్చారు, దాని పక్కనే కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఆమె వచ్చింది. సంగం దాటేటప్పుడు గుంతలో ఎగిరి బండి అద్దం ఆమె భుజానికి తగిలింది. అప్పుడనిపించింది, ఇట్లాగే శవాన్ని తీసుకుపోతారు, పక్కన ఇంటివాళ్ళొకరు కూర్చుని. వెంటనే తౌబా తౌబా అని రెండు చెంపలూ వేసుకుంది. డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు.

జయపాల్ సీటు కింద దొరికిన ఆర్సీ కార్డు అటూ ఇటూ తిప్పి చదివాడు. "షేక్ అన్సార్. నువ్వేనా?"

"మా అన్న."

"ఆయన యాడుండాడు?"

రసూల్ తల్లి వైపు చూశాడు. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరూ ఆమె వైపే చూస్తారు, జవాబు ఆమె దగ్గర పెట్టి తాళం వేసుకున్నట్టు.

"బెంగుళూర్లో ఉండాడు," అంది మస్తాన్‌బీ.

"అయితే ఫోన్ కొట్టండిమా, ఒక మాట అడుగుతా. ఓనరు చెప్పకుండా ఈ పని చేస్తే రేపు నా మెడకి చుట్టుకుంటది. ఇంకో సంగతి. కంపెనీ వాడు రెండు తాళాలిస్తాడు. దొంగలు కొట్టేసింది ఒకటి గదా. రెండోది ఏమైంది?"

"వాడి దగ్గరే ఉండాది."

"ఇంకేం! కొరియర్‌లో తెప్పించుకోండి. అది చేతిలో ఉంటే దేన్నీ చెరిపే పన్లేదు, ఐదు నిమిషాల్లో కొత్తదాన్ని దాని పక్కన చేర్చేస్తా. దానికోసం ఇంత దూరం బండిని మోసుకోనొచ్చినారా?" అని నవ్వబోయి, తల్లీ కొడుకుల ముఖాలు చూసి, నవ్వును మీసాల్లోనే ఆపుకున్నాడు. రోజూ ఇంటి తాళాలు పోగొట్టుకున్నవాళ్ళను చూసే మనిషి. ఏది పోయిందో అడక్కుండానే తెలిసిపోతుంది కాబోలు. గొంతు తగ్గించి, "ఫోన్ కలవదా?" అన్నాడు.

"కలవదు," అన్నాడు రసూల్ నేలను చూస్తూ. "పోయిన రంజానుకి ముందు రంజాను నించీ."

జయపాల్ ఇంక ఓనరు మాట ఎత్తలేదు. ఇద్దరి ఆధార్ నంబర్లు రాసుకోవాలన్నాడు. ఆమెది సంచీతో పాటే పోయిందంటే, రసూల్‌ది ఒక్కటే రాసుకున్నాడు. తర్వాత చేతిలో పట్టేంత మిషనొకటి తీసి, దాని వైరును సీటు కింద ఎక్కడో గుచ్చి చెప్పాడు. ఒక్క తాళమూ చేతిలో లేనప్పుడు వేరే దారి లేదు. బండి జ్ఞాపకంలో ఉన్న తాళాలన్నీ చెరిపెయ్యాలి. చెరిపి కొత్తదాన్ని రాయాలి. బండి అందుకు ఊరికే ఒప్పుకోదు, దొంగ చేతిలో పడ్డానేమోనని చాలాసేపు బిగుసుకుని కూర్చుంటుంది, ముప్పావుగంట, గంట. ఒప్పుకున్నాక మిషన్ కూత పెడుతుంది. అప్పుడు సరే అని నొక్కితే అయిపోతుంది.

"ఆ దొంగనాకొడుకు దగ్గరుండే తాళం ఇంక చెవిలో గుమిలి తీసుకునేదానికి తప్ప దేనికీ పనికిరాదు. మీకు భయం లేదుమా."

"అన్నీ చెరిగిపోతాయా?" అంది మస్తాన్‌బీ.

"అన్నీమా."

"బెంగుళూర్లో ఉండేది కూడానా?"

"దుబాయ్‌లో ఉన్నా అంతే. దూరంతో పన్లా."

చుక్క వెలుగుతోంది, ఆరుతోంది. జయపాల్ లోపలికి పోయి అల్మరా తాళమేదో ఆకురాయి పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు ఆమెకు పుట్టింటి చప్పుడు, అత్తింటి చప్పుడు కూడా. ఉదయగిరిలో వాళ్ళ వీధిలో తెల్లారేసరికి ప్రతి వాకిట్లోనూ అదే. కొండ మీది నర్ది చెక్కను ఆమె మొగుడు గఫార్ కోసి, చెక్కి గరిటె రూపం తెస్తే, పళ్ళ గరిటెలకు పళ్ళు తీసి నున్నగా రుద్దే పని ఆమెది. ఒక పన్ను వెంట్రుకవాసి ఎక్కువ తక్కువైతే వేలికే తెలిసిపోతుంది, కన్ను అక్కర్లేదు. ఇందాక జయపాల్ తాళానికి పళ్ళు కొడుతుంటే ఈ మాత్రం నేనూ చేస్తానే అనుకుంది. మనిషి చేత్తో చేసిన పళ్ళకు మనిషి చేతిలోనే జవాబుంటుంది. ఈ చిప్పుకేం పళ్ళున్నాయి, దేంతో రుద్దాలి, ఎవరిని బతిమాలాలి? అన్సార్ నవ్వేవాడు, "చెంచాల ఇంట్లో పుట్టినా గానీ చెంచాలు చెక్కను అమ్మీ, లారీ తోల్తా, బొంబాయి దాకా తోల్తా" అని. వాళ్ళబ్బకు కోపం వచ్చేది, అయినా బండి కొన్నరోజు ఆయనే రెండు తాళాలకూ చిటికెన వేలి గోరంత గరిటెలు చెక్కి కట్టాడు. ఒకటి అన్సార్ జేబులో ఉంది. ఇంట్లో ఉండేది నిన్న పోయింది. దొంగ ఈపాటికి దాన్ని తెంపి ఎక్కడో పారేసుంటాడు. చెరువు గట్టు మీద, చెప్పుల కుప్పల్లో, ఎవరి కాలి కిందో.

నిన్న. నిన్ననేనా అది. నెల్లూరు చెరువులో జరిగే రొట్టెల పండుగకు పోవాలని పట్టుబట్టింది ఆమే. గఫార్ వద్దన్నాడు, మోకాళ్ళ నొప్పితో నువ్వెక్కడ నీళ్ళలో దిగుతావన్నాడు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, పిల్లల రొట్టె అని జనం నడుములోతు నీళ్ళలో నిలబడి అరుస్తుంటారు. కోరిక తీరినవాళ్ళు ఏ కోరిక తీరిందో ఆ రొట్టె తెచ్చి పంచుతారు, అదే కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుని తింటారు, తీరిన ఏడు మళ్ళీ తాము తెచ్చి ఇస్తారు. ఇంత జనంలో తన రొట్టె ఎవరి దగ్గరుంటుంది? ఇల్లొదిలి పోయిన మనిషి తిరిగొచ్చే రొట్టె. దానికి పేరు కూడా లేదు. ఒడ్డున నిలబడి ఒక్కొక్కరినీ అడుగుతుంటే, దూరంగా నీళ్ళలో ఒకామె చెయ్యెత్తింది, ఇటు రా, ఇటు రా అని. రసూల్ చేయి పట్టుకుని దిగబోయి, ఆగింది. ఆగకపోయినా బాగుండేది. బండి కొన్న కొత్తలో అన్సార్ చెప్పిన మాట గుర్తొచ్చింది, "తాళాన్ని నీళ్ళలో వెయ్యబాకండి, లోపల చిప్పుంటాది, తడిస్తే బండే కదల్దు" అని. నీళ్ళలో ఎవరో తోస్తే రసూల్ పడతాడు, జేబులో తాళం తడుస్తుంది, బండి నిలిచిపోతుంది, చీకట్లో ఊరుగాని ఊళ్ళో... అంతా ఒక్క రెప్పపాటులో కళ్ళ ముందు జరిగిపోయింది. ఆమెకు అన్నీ అట్లాగే ముందే జరిగిపోతాయి. రసూల్ జేబులోంచి తాళం తానే తీసి తన సంచీలో వేసింది, తన ఫోనూ అందులోనే, ఆధార్ కార్డూ అందులోనే. గట్టు మీద కూర్చున్న ఎవరో ముసలామె చూస్తానంటే ఆమె పక్కన పెట్టి దిగింది.

నీళ్ళలో ఆమె పేరు చెంచమ్మట, సంగం దగ్గర పల్లె. "ఇదేనమ్మా నువ్వు అడిగేది. నా మొగుడు చెప్పకుండా పొయ్యినాడు, ఏళ్ళకేళ్ళు జాడ లేదు. పోయిన పండక్కి రొట్టె తిన్నా, తాటికాయలప్పుడు వచ్చి గుమ్మంలో కూర్చోనుండాడు. మాట పొయ్యింది, ఒక పక్క పడిపొయ్యింది. వచ్చినాడు గదా, అది చాలు నాకు," అని రొట్టె సగం చేసి చేతిలో పెట్టింది. మాట పోయినా, పక్కపడినా. మస్తాన్‌బీ ఆ నీళ్ళలో నిలబడే లెక్కలు మార్చుకుంది. అట్లాగైనా సరే, కాలు లేకపోయినా సరే, కన్ను లేకపోయినా సరే. సగం రొట్టెలో ఒక ముక్క తింది. మిగతాది అన్సార్‌కని కొంగున ముడేసుకుంది. ఒడ్డుకొచ్చేసరికి ముసలామె లేదు, సంచీ లేదు. దేని కోసం నీళ్ళలో దిగిందో దాన్నే నీళ్ళు కడిగేశాయి. ఆ బిడ్డ రావాలని పోయినచోటే వాడి తాళానికి ముప్పొచ్చి పడింది. ఇది ఎవరితో చెప్పుకుంటుంది? గఫార్‌తో చెబితే ఏమీ అనడు. ఆ ఏమీ అనకపోవడం ఉంటుంది చూడండి, దానికే ఆమెకు భయం.

ఇందాక జయపాల్‌ను అడిగింది కూడా, తాళం నీళ్ళలో పడితే చిప్పు పాడైపోతుందా అని. అతను కొత్త తాళాన్ని టీ గ్లాసు కడిగే బకెట్లో ముంచి తీసి, చొక్కాకు తుడిచి చూపించాడు. "గాజులో పెట్టి మూసేసుంటారుమా. చెరువులో రోజంతా నానేసినా ఏమీ కాదు." రసూల్ అప్పుడు అటు తిరిగి, ఎదురుగా వింజమూరు బస్సెక్కుతున్న జనాన్ని చూస్తున్నట్టు నటించాడు. మంచి పిల్లాడు. నిన్నటి నుంచి ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

ఫోను. ఈరోజు ఫోన్ లేదు. రసూల్ పొద్దునే సిమ్ము ఆపించేశాడు, అదే నంబరు రేపిస్తారట. ఇన్నాళ్ళూ నిద్రలో కూడా తలకింద పెట్టుకుంది, స్నానానికి పోతే గడప మీద పెట్టుకుంది, ఆ నంబరు ఒక్కటే అన్సార్‌కు నోటికొచ్చు. ఈ ఒక్కరోజే చేస్తాడేమో. చేస్తే ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో ఏదో చెబుతుంది, పెట్టేస్తాడు. వాడికి ఓపిక తక్కువ. చిన్నప్పుడు కొండెక్కుతానని పోయి కోట మెట్ల మీద పడి మోకాలు చీరుకున్నప్పుడు కూడా, పిలిచాను నువ్వు పలకలేదు, అందుకే ఏడవలేదు అన్నాడు. ఒక్కసారి పిలుస్తాడు. పలక్కపోతే అంతే.

ఇల్లొదిలి పోయిన పొద్దున కూడా ఒక్కసారే పిలిచాడు. వాకిట్లోంచి. "అమ్మీ, ఎల్లుండికి వచ్చేస్తా, లారీ ఓనరు రమ్మన్నాడు, మాట్లాడి వచ్చేస్తా. రసూల్‌గాణ్ణి బండి ముట్టుకోనీబాకు." ఆమె చేతుల నిండా చెక్కపొడి, లోపలి నుంచే ఊఁ అంది, బయటికి రాలేదు. తాళం జేబులో వేసుకుని, చెక్క గరిటె జేబు బయట ఊగుతుండగా బస్సుకు నడిచిపోయాడని తర్వాత ఎదురింటివాళ్ళు చెప్పారు. రాత్రికి ఫోన్ చేశాడు, "దిగినాను, ఇక్కడ వాన" అని. వాన. అదే చివరి మాట. తర్వాత గఫారూ రసూలూ బెంగుళూరు పోయి వెతికారు, లారీ ఓనరు అన్సార్ అనేవాడు తన దగ్గరికి రానేలేదన్నాడు. పోలీసులు ఫొటో తీసుకున్నారు. వాన, వాన అని ఆమె ఎన్నిరాత్రులు ఆ మాటను విప్పి చూసిందో. గొంతులో భయముందా, నవ్వుందా, పక్కన ఎవరన్నా ఉన్నారా. ఒక మాటను ఎంతని రుద్దుతారు? చెక్కయితే ఎప్పుడో అరిగి పొడైపోయేది.

ఒకసారి స్టేషన్‌కు పిలిచి సెల్‌ఫోన్లో బొమ్మ చూపించారు. రైలు పట్టాల పక్కన. ముఖం లేదు, కాళ్ళు చూపించారు. గఫార్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, ఆమే చూసింది. అన్సార్ ఎడమకాలి రెండో వేలు బొటనవేలి కన్నా పొడుగు. ఆ కాళ్ళకు అది లేదు. కాదు, నా బిడ్డ కాదు, అని ఎంత సంతోషంగా అరిచిందంటే కానిస్టేబుల్ అదిరిపడ్డాడు. బయటికొచ్చాక వేపచెట్టు కింద వాంతి చేసుకుంది. ఎవరో ఒక తల్లి బిడ్డ కాళ్ళే కదా అవి, ఆ తల్లి ఇంకా ఎక్కడో ఫోన్ తలకింద పెట్టుకుని పడుకుంటుంది కదా. ఆ రోజు నుంచే గఫార్ ఇంట్లో అన్సార్ పేరు ఎత్తడం మానేశాడు. ఒకే ఒక్కసారి అన్నాడు, బండి అమ్మేద్దామని. "రెండో తాళం వాడి దగ్గరుండాది, ఎట్టా అమ్ముతావు?" అంది. ఆయన ఆకురాయి తీసుకుని వాకిట్లోకి పోయాడు.

విచిత్రమేమిటంటే, మస్తాన్‌బీకి అన్నిటికీ భయమే. రసూల్ పావుగంట ఆలస్యమైతే రోడ్డు మీదికి పోయి నిలబడుతుంది. పిల్లి అరిస్తే ఎవరికో ఏదో అయిందంటుంది. గ్యాస్ పేలుతుంది, గోడ కూలుతుంది, కుక్క కరుస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుతారు, మస్తాన్‌బీకి పెళ్ళివాళ్ళు కనిపించినా శవయాత్రే కనిపిస్తుందని. నిన్నటి నుంచి కూడా అంతే, సంచీలో ఆధార్ కార్డుంది, దాని మీద ఇంటి అడ్రసుంది, దొంగ ఆ తాళం పట్టుకుని ఇంటికే వస్తాడు, అడ్డమొచ్చిన రసూల్ కడుపులో కత్తి దించుతాడు. కానీ ఈ ఒక్క విషయంలో, అందరూ భయపడే విషయంలో, ఆమె భయపడలేదు. ఎందుకు భయపడాలి? తిరిగి రాదలుచుకోనివాడు బండి తాళం జేబులో వేసుకుని పోతాడా? పోతూ పోతూ రసూల్‌ను ముట్టుకోనీబాకు అంటాడా? వాడి జేబులో ఆ తాళమున్నన్నాళ్ళు వాడికి ఉదయగిరిలో ఒక బండుంది, బండి ఉన్న ఇల్లుంది. ఆ తాళం బతికుంది కాబట్టి... ఆ వాక్యాన్ని ఆమె ఎప్పుడూ చివరిదాకా అనుకోలేదు. చివరిదాకా అనుకోకుండా ఉండటానికే ఇన్నాళ్ళూ బతికింది. రోజూ పొద్దున్నే బండి మీది పాత చీర దులిపి మళ్ళీ కప్పేటప్పుడు, రసూల్ మొదటిసారి బండి తీసినప్పుడు తిట్టి కొట్టినప్పుడు, తర్వాత తానే గూట్లోంచి తాళం తీసి ఇచ్చినప్పుడు కూడా. ఇప్పుడీ ఎండలో, ఈ కుంటి స్టూలు మీద, ఎవరో కళ్ళద్దాల మనిషి వచ్చి దాన్ని నొక్కి చెరిపేస్తాడు. బెంగుళూర్లోనో, ఇంకెక్కడో, ఏ జేబులోనో ఉన్న తాళం, వానలో తడిసినా చావని తాళం, ఎవరూ ముట్టుకోకుండానే చచ్చిపోతుంది. జేబులో పెట్టుకున్నవాడికి తెలియను కూడా తెలియదు.

చెయ్యొద్దు అనవచ్చు. బండిని మళ్ళీ ట్రాలీలో వేసుకుని పోయి, చీర కప్పి, వాకిట్లో పెట్టుకోవచ్చు. కదలని బండైనా వాడి తాళం గుర్తున్న బండి. అయితే రసూల్ సోమవారం పనిలో చేరాలి. వింజమూరు నుంచి పార్శిళ్ళు తీసుకుని సీతారామపురం దాకా ఊరూరా ఇచ్చే పని. అటు బస్సులు ఎప్పుడొస్తాయో డ్రైవర్లకే తెలియదు, సొంత బండి ఉంటేనే రమ్మన్నారు. ఆ ఉద్యోగం పోతే వీడు కూడా బ్యాగు సర్దుతాడు. నెల నుంచీ ఫోన్లో ఎవరితోనో బెంగుళూరు మాట మాట్లాడుతున్నాడు, ఆమె నిద్రపోయిందనుకుని. ఒకడి తాళం కాపాడబోతే ఇంకొకడు వాకిట్లోంచి పిలుస్తాడు, ఎల్లుండికి వచ్చేస్తా అని. ఈసారి చెక్కపొడి చేతులతో లోపలే ఉండిపోతుందా?

మిషన్ కూత పెట్టింది. కోడిపిల్ల అరిచినంత చిన్న కూత, కానీ ఆమె స్టూలు ఒరిగి పడబోయింది. రసూల్ పట్టుకున్నాడు.

జయపాల్ వచ్చి మిషన్ తెర మీద ఇంగ్లీషులో ఉన్నది వేలు పెట్టి చూస్తూ తెలుగులో చెప్పాడు. "ఉండే తాళాలన్నీ చెరిగిపోతాయి, సరేనా అంటా ఉండాది. ఎవురు చెప్తారు?" ఈసారి రసూల్‌ను అడగలేదు. ఆమెనే చూశాడు.

రాత్రి. ఆమె కళ్ళ ముందు వాన పడుతోంది. అన్సార్ వచ్చాడు, గడ్డం పెరిగి, ఒక కాలు ఈడ్చుకుంటూ. వాకిట్లో చీర తీశాడు, జేబులోంచి తాళం తీశాడు, చెక్క గరిటె నల్లగా మాసి ఉంది. పెట్టాడు, తిప్పాడు. లాక్ విడిపోయింది, లైటు వెలిగింది. బటన్ నొక్కాడు. ఎర్ర చుక్క. నువ్వెవరు, నువ్వెవరు. ఎంతసేపు నొక్కుతాడు? తర్వాత ఏం చేస్తాడు? పోతాడా? పోడు. ఎక్కడికి పోతాడు ఆ వానలో? తలుపు కొడతాడు. కొట్టక తప్పదు. తాళం పనిచేస్తే వాళ్ళబ్బ ముఖం చూడలేక, చప్పుడు కాకుండా బండి తీసుకుని మళ్ళీ వెళ్ళిపోయేవాడేమో, ఎవరికి తెలుసు. ఇప్పుడైతే తలుపు కొట్టాలి, అమ్మీ అని పిలవాలి. ఒక్కసారే పిలుస్తాడు. ఒక్కసారికే తాను లేస్తుంది.

"చేసెయ్ నాయనా," అంది మస్తాన్‌బీ.

నొక్కాడు. ఏమీ కాలేదు. చప్పుడు కూడా లేదు. ఒక గీత తెర మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నిండింది, అంతే. ఇంత చిన్న పనా? జయపాల్ కొత్త తాళం తిప్పాడు, ఎర్ర చుక్క ఒక్కసారి వెలిగి ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు. రసూల్ బటన్ నొక్కేసరికి బండి గట్టిగా గర్జించి వీధంతా వినపడేట్టు మోగింది. టీ కొట్టు దగ్గర ఇద్దరు తిరిగి చూశారు. ఆ చప్పుడు ఆమె ఎరుగును, మూల తిరిగేటప్పుడే ఎరుగును, అన్నం గిన్నె మీద మూత తీసేది ఆ చప్పుడుకే. చేయి తనంతట తనే కొంగు మీదికి పోయింది. రసూల్ నవ్వుతున్నాడు, నిన్నటి నుంచి మొదటిసారి.

"మా, ఒక మాట," అన్నాడు జయపాల్ వైరు చుట్టుకుంటూ. "మిషన్ పెట్టినప్పుడే రెండోది కూడా కొట్టించుకోండి. లాక్ తెరిచే ఉండాది, సులువుగా అయిపోతది. మళ్ళీ ఒక్కటే ఉండి అది పోతే మొదటికొస్తది."

"చెయ్యన్నా, రెండు చెయ్యి," అన్నాడు రసూల్ వెంటనే, తల్లి అడగబోయేది తానే అడిగేసినట్టు. నిజమే. రెండు లేకుండా ఆమె ఏదీ పెట్టుకోదు. రెండు టార్చిలైట్లు, రెండు గొడుగులు, ఇంటి తలుపుకు మూడు తాళాలు, అన్సార్ పోయినప్పట్నించీ ప్రతి పూటా ఒక కంచం ఎక్కువ. జయపాల్ గోడకు వేలాడదీసిన తాళాల గుత్తిలోంచి చెక్కని తాళంచెవి ఒకటి వేరు చేసి, ఆమె జవాబు కోసం ఆగాడు. ఆ తాళానికింకా పళ్ళు లేవు. నున్నగా, ఏ తలుపూ తెలియకుండా మెరుస్తోంది.

"వద్దులే," అంది. "ఒకటి చాలు."

బండి మోగుతూనే ఉంది. రసూల్ చేయి యాక్సిలరేటర్ మీద బిగుసుకుపోయి, మెల్లగా వదిలింది. తలుపు కొడతాడు కదా, అందుకని, అని చెప్పాలనుకుంది. పెద్దవాడు తలుపు కొట్టి పిలవాలని, అందుకే రెండోది వద్దన్నానురా, అని. మాట గొంతుదాకా వచ్చి, గిర్రున తిరిగి ఆగిపోయింది. జయపాల్ పళ్ళు లేని తాళాన్ని మళ్ళీ మేకుకు తగిలించి, ఎవరి వైపూ చూడకుండా చేతులు కడుక్కోవడానికి బకెట్ దగ్గరికి పోయాడు.

మస్తాన్‌బీ స్టూలు మీద నుంచి లేచింది. కొంగు ముడి పంటితో లాగి విప్పింది. నిన్నటి నీళ్ళ తడికి ముడి గట్టిపడింది, తొందరగా రాలేదు. రొట్టె అంచులు విరిగి పొడైంది, మధ్య ముక్క మాత్రం నిలిచి ఉంది. దాన్ని రసూల్ చేతిలో పెట్టింది.

"పొద్దున్నించి ఏం తిన్లా నువ్వు. తిను."

రసూల్ రొట్టెను చూశాడు, ఆమెను చూశాడు. "ఇది అన్నది గదమ్మీ."

"తినరా," అంది మస్తాన్‌బీ. "ఎండిపోతా ఉండాది."